పెరటి చెట్టు పక్కన ఎవరిని నిలబెట్టాలి: ఒక రగ్బీ లీగ్ క్లబ్ కేస్ స్టడీ

ఇంగ్లండ్ ఉత్తరాన, వెస్ట్ యార్క్‌షైర్‌లోని ఒక రగ్బీ లీగ్ క్లబ్‌లో నేను పెర్ఫార్మెన్స్ అనలిస్ట్‌గా పనిచేసిన రోజుల్లోది ఈ కేసు. క్లబ్ పేరు, సంవత్సరం, మనుషుల పేర్లు రాయడం లేదు. వయసులు, ఒకటి రెండు వివరాలు కొద్దిగా మార్చాను. నిర్ణయాలు, వాటి వెనక మేం వేసుకున్న లెక్కలు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. మన దగ్గర కబడ్డీ, హాకీ, ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తున్న మిత్రులు ఫోన్ చేసినప్పుడల్లా తిప్పి తిప్పి ఇదే అడుగుతారు. బయటినుంచి అనుభవం ఉన్నవాళ్లను తెస్తే మన పిల్లలు బెంచీ మీదే ఉండిపోతున్నారు, పిల్లల్ని దింపితే మ్యాచ్‌లు పోతున్నాయి, ఎంతమంది పెద్దవాళ్లు, ఎంతమంది పిల్లలు ఉండాలి అని. దానికి నేను అంకెతో జవాబు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో ఈ కేసు చదివితే తెలుస్తుంది.

నేపథ్యం

రగ్బీ లీగ్ అంటే జట్టుకు 13 మంది ఆడే రగ్బీ. 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. తగాదా కూలి దగ్గర వచ్చింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు ఆట కోసం పని మానుకుంటే, పోయిన కూలి క్లబ్ కట్టివ్వాలని ఉత్తరాదివాళ్లు అడిగారు. యూనియన్ పెద్దలు కుదరదన్నారు. ఇంత పాత సంగతి ఎందుకు తీశానంటే, ఆ కూలి లెక్క ఈ కేసులో మళ్లీ వస్తుంది.

పై డివిజన్ సూపర్ లీగ్. మాది దాని కింది డివిజన్. మా ఆటగాళ్లు పగలు ఉద్యోగాలు చేసుకుని మంగళ, గురువారాల్లో సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లు. డ్రెస్సింగ్ రూమ్‌లో ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఒక స్కూలు టీచరు ఉండేవారు. చిన్న జీతం, దాని మీద ఆడితే మ్యాచ్ ఫీజు, గెలిస్తే బోనస్.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతిని ఎదుటివాళ్ల లైన్ దాటించి నేలకు ఆనిస్తే ట్రై, పాయింట్లు వచ్చేది దానితోనే ఎక్కువ. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్ దొరుకుతాయి. ట్యాకిల్ అయిన ప్రతిసారీ పడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, మళ్లీ ఆట మొదలు. ఐదో ట్యాకిల్ అయ్యాక మామూలుగా కిక్ కొట్టి బంతిని వదులుకుంటారు. ఏ ట్యాకిల్‌లో ఎటు ఆడాలో, ఎప్పుడు కిక్ కొట్టాలో అరిచి చెప్పేవాళ్లు ఇద్దరు: ఆరో నంబర్ స్టాండాఫ్, ఏడో నంబర్ స్క్రమ్ హాఫ్. వీళ్లను హాఫ్‌లు అంటారు, వాళ్లు అరిచి చెప్పేదాన్ని కాల్ అంటారు. డిఫెన్స్‌లో దాదాపు జట్టంతా మైదానం అడ్డంగా ఒకే వరసలో నిలబడుతుంది. మా పద్ధతిలో ఎడమ అంచున లోపలివైపు హాఫ్, అతని బయట సెకండ్ రో, ఆ బయట సెంటర్, చివర వింగర్. కబడ్డీ తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. కార్నర్ కాలు పట్టిన క్షణంలో పక్కనున్న కవర్ కదలకపోతే ఆ పట్టు నిలవదు. లీగ్ డిఫెన్స్ వరస మొత్తం అలాంటి జంటలే.

ఆ ఏడాది మా బోర్డు ముగ్గురు పేరున్న ఆటగాళ్లను తెచ్చింది: 33 ఏళ్ల స్క్రమ్ హాఫ్, 34 ఏళ్ల ప్రాప్ (ముందు వరసలో బరువు పని చేసేవాడు), 31 ఏళ్ల ఫుల్‌బ్యాక్ (అందరి వెనక ఆడేవాడు). ముగ్గురూ సూపర్ లీగ్ చూసొచ్చినవాళ్లే. అంతకుముందు సీజన్‌లో పట్టికలో కింది సగంలో మిగిలాం, మైదానానికి వచ్చే జనం తగ్గారు. పేరున్నవాళ్లను తేవాలన్న నిర్ణయాన్ని నేనూ సమర్థించాను. అదే సమయంలో ఊరి అమెచ్యూర్ క్లబ్బుల నుంచి మా రిజర్వ్ టీమ్ మీదుగా నలుగురు కుర్రాళ్లు పైకొచ్చారు: 19 ఏళ్ల హాఫ్, 20 ఏళ్ల సెంటర్, 20 ఏళ్ల ప్రాప్, 18 ఏళ్ల వింగర్.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటాం కదా. క్లబ్బుల్లో ఆ మాట ప్రతి నవంబరులో కళ్లకు కడుతుంది. ప్రీ-సీజన్ మొదలయ్యే నెల అది. కొత్తగా వచ్చినవాడి ఫొటో గేటు దగ్గర పెద్దదిగా పెడతారు, రిజర్వ్ నుంచి వచ్చినవాడికి స్క్వాడ్ నంబర్ మాత్రం ఇస్తారు.

మే నెలకు వచ్చిన పరిస్థితి

సీజన్ ఫిబ్రవరిలో మొదలైంది. మే వచ్చేసరికి మూడు సంగతులు కలిసి వచ్చి పడ్డాయి. గెలవాల్సిన మ్యాచ్‌లను చివరి 20 నిమిషాల్లో పోగొట్టుకుంటున్నాం, ఎక్కువ ట్రైలు ఎడమ అంచు మీదుగానే పడుతున్నాయి. కుర్రాళ్లు నలుగురూ ఫిబ్రవరిలో ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. ఇక మా రెగ్యులర్ స్టాండాఫ్ భుజం గాయంతో ఆగిపోవడంతో 19 ఏళ్ల హాఫ్ అవసరం కొద్దీ మ్యాచ్ మొత్తం ఆడుతున్నాడు. ఫిబ్రవరిలో రిజర్వ్ మ్యాచ్‌ల్లో గొంతు చించుకుని అరిచిన కుర్రాడు ఫస్ట్ టీమ్‌లో నోరు విప్పడం లేదు.

హెడ్ కోచ్ అంచనా సూటిగా ఉంది: పిల్లలు ఇంకా తయారు కాలేదు, ఇంకొక అనుభవజ్ఞుణ్ణి తేవాలి. వీడియో చూస్తే ఆయన మాట తప్పనిపించదు. ట్రై పడ్డ ప్రతిసారీ ఫ్రేములో ఒక కుర్రాడు కనిపిస్తాడు, వాడి భుజం కిందనుంచే ఎదుటివాడు దూరిపోతుంటాడు. అనలిస్ట్‌గా ఆ క్లిప్పులు కత్తిరించి చూపించింది నేనే. ట్రై పడటానికి మూడు సెకన్ల ముందునుంచి క్లిప్ మొదలుపెట్టేవాణ్ణి. పది సెకన్ల ముందునుంచి మొదలుపెట్టి ఉంటే వేరే కథ కనిపించేదని తర్వాత తెలిసింది.

చేసి చూసినవి, ఎందుకు కుదరలేదు

మొదట నిమిషాల కోటా పెట్టాం. ప్రతి కుర్రాడికీ మ్యాచ్‌కు కనీసం 20 నిమిషాలు. ఆడితేనే ఎదుగుతారు, కాబట్టి ఆడే నిమిషాలు గ్యారంటీ చెయ్యాలి అన్నది మా ఆలోచన. వినడానికి బాగుంటుంది, బోర్డుకు చూపించడానికి ఇంకా బాగుంటుంది. జరిగిందేమిటంటే, పెద్దవాళ్లు 60వ నిమిషానికి అలిసిపోతారు కాబట్టి కోచ్ వాళ్లను బయటికి పిలిచి కుర్రాళ్లను ఒకేసారి దింపేవాడు. కోటా పూర్తయ్యేది. కానీ ఎడమ అంచున హాఫ్, సెంటర్, వింగర్ ముగ్గురూ 20 ఏళ్లు దాటనివాళ్లే నిలబడేవారు. ఎదుటి జట్టు కోచ్‌కు అది గట్టు మీదనుంచే కనిపించేది. ఏడో నిమిషంలో వేయని ప్లే 65వ నిమిషంలో వేసేవాళ్లు. చివరి 20 నిమిషాల సమస్య అని మేం పేరు పెట్టుకున్నదాన్ని సగం మా కోటానే తయారు చేసింది.

రెండోది మెంటరింగ్. సీనియర్ స్క్రమ్ హాఫ్‌కు కుర్ర హాఫ్‌ను అప్పగించాం. వారానికోసారి కలిసి టీ తాగాలి, వీడియో చూడాలి అని కాగితం మీద రాసిచ్చాం. రెండు వారాలు నడిచి ఆగిపోయింది. ఆగిపోయినందుకు నేను మొదట ఆ సీనియర్‌ని తప్పుపట్టాను. తర్వాత ఆయన కాంట్రాక్ట్ తెప్పించి చదివాను. ఏడాదికే సంతకం చేశాడు. వచ్చేదానిలో సగానికి పైగా మ్యాచ్ ఫీజు, గెలుపు బోనస్. స్టాండాఫ్ భుజం బాగై తిరిగొస్తే ముగ్గురు హాఫ్‌లలో ఒకరు కూర్చోవాలి. కుర్రాడు బాగా ఆడితే కూర్చునేది ఈయనే, మరుసటి ఏడాది కాంట్రాక్ట్ పోయేదీ ఈయనకే. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మనిషిని, నీ పొట్ట కొట్టే కుర్రాణ్ణి నువ్వే తయారు చెయ్యమని అడిగాం. 1895లో జార్జ్ హోటల్‌లో కూర్చున్నవాళ్లకు తెలిసిన సంగతి మేం మరిచిపోయాం: ఆటగాడు కూలి లెక్క చూసుకోవడం న్యాయమే, దానికి తగ్గట్టు ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత క్లబ్‌ది.

మూడోది డ్యూయల్ రిజిస్ట్రేషన్. 2013లో వచ్చిన పద్ధతి ఇది. సూపర్ లీగ్ క్లబ్‌లో ఉన్న కుర్రాడు, తన క్లబ్‌ను వదలకుండానే కింది డివిజన్ క్లబ్‌కూ ఆడొచ్చు. జూన్‌లో నాలుగు మ్యాచ్‌లకు ముగ్గుర్ని తెచ్చుకున్నాం. ముగ్గురూ మంచి ఆటగాళ్లు. అయితే గురువారం సాయంత్రం వచ్చి ఆదివారం ఆడి వెళ్లిపోయేవాళ్లు. మా కాల్స్ వాళ్లకు తెలియవు, మావాళ్లకు వాళ్ల అలవాట్లు తెలియవు. ఒక మ్యాచ్ గెలిచాం, మూడు ఓడాం. అంతకంటే పెద్ద నష్టం డ్రెస్సింగ్ రూమ్‌లో జరిగింది. మా కుర్ర ప్రాప్, వింగర్ ఇద్దరూ టీమ్ షీట్‌లో లేకుండా పోయారు. మా ఊరి పిల్లల్ని పక్కనపెట్టి పెద్ద క్లబ్ పిల్లలకు ఆట నేర్పుతున్నామని ఒక తండ్రి గేటు దగ్గర నిలదీశాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

గట్టు మీద ఒక గురువారం

మూడూ విఫలమయ్యాక వీడియో పక్కనపెట్టాను. వీడియోలో గొంతులు వినిపించవు. ఒక గురువారం సాయంత్రం, సన్నటి వాన, ఫ్లడ్ లైట్ల కింద బురద మెరుస్తోంది. టచ్‌లైన్ పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఒక్క సంగతే రాసుకున్నాను: ప్రతి ప్లే‌కు ముందు ఎవరు అరిచారు, అరవనివాడు ఎటు చూశాడు.

ట్యాకిల్ పూర్తయ్యేది. దొర్లిన బంతిని తీసి అందించే హుకర్ బంతి దగ్గరికి వంగేవాడు. ఆ ఒకటిన్నర సెకనులో కుర్ర హాఫ్ ముందు డిఫెన్స్ వైపు చూసేవాడు, నోరు తెరవబోయేవాడు, ఆగి మెడ కుడివైపు తిప్పి సీనియర్ ముఖం వైపు చూసేవాడు. సీనియర్ అప్పటికే అరిచేసేవాడు. ఆయన కాల్ దాదాపు ఎప్పుడూ సరైనదే. కుర్రాడు మళ్లీ తల ముందుకు తిప్పుకునేసరికి డిఫెన్స్ పది మీటర్లు ముందుకొచ్చేసేది, వాడు పాస్ అందుకునేది నిలబడి. అదే వరసలో రెండో అరగంట సీనియర్ ఫిజియో దగ్గరికి వెళ్లాడు. మెడ తిరగడం ఆగలేదు. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ వైపు చూసి, ఆలస్యంగా, చిన్న గొంతుతో ఏదో అనేవాడు.

డిఫెన్స్‌లోనూ అదే వరస. కుర్ర సెంటర్ లోపలివైపు నిలబడ్డ సెకండ్ రో ఆటగాడు బలమైనవాడే, కానీ మాట్లాడడు. సెంటర్ తన మనిషిని వదిలి లోపలికి రావాలా, బయటే ఉండాలా అని ప్రతిసారీ ఊహించుకోవాల్సి వస్తోంది. క్లిప్పులో భుజం కింద దూరినట్టు కనిపించిన ట్రైలన్నీ ఆ ఊహ తప్పిన క్షణాలే.

ఆ రాత్రి ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీశాను. పదమూడు చుక్కలు, ఒక్కో కుర్రాడి చుక్క పక్కన ఎవరున్నారు, ఆ పక్కవాడు అతనికేం ఇస్తున్నాడు, అతని దగ్గరనుంచి ఏం లాక్కుంటున్నాడు. అప్పటిదాకా మేం పెద్దవాళ్లెందరు, పిల్లలెందరు అని లెక్కపెడుతూ వచ్చాం. లెక్కలో తప్పేమీ లేదు. ఎవరి పక్కన ఎవరు అన్నది మేమెప్పుడూ చూడలేదు. హాఫ్ పక్కన ఉన్న అనుభవం అతని గొంతును మింగేస్తోంది. సెంటర్ పక్కన ఉండాల్సిన అనుభవం అసలు లేనే లేదు.

మార్చినవి

సీనియర్ స్క్రమ్ హాఫ్‌ను 13వ నంబర్‌కు, అంటే లూజ్ ఫార్వర్డ్‌కు మార్చమని అడిగాను. మైదానం మధ్యలో ఉండి పాస్‌లు ఇచ్చే స్థానం అది. సూపర్ లీగ్ క్లబ్ లీడ్స్ కెప్టెన్‌గా చేసిన కెవిన్ సిన్‌ఫీల్డ్ ఆ జట్టుకు స్టాండాఫ్‌గానూ, లూజ్ ఫార్వర్డ్‌గానూ ఆడాడు కాబట్టి ఆటపరంగా ఇది కొత్త ఆలోచన కాదు. నా లెక్క ఇదీ: ఆయన అనుభవం జట్టుకు కావాలి, కుర్రాడి స్థానంలో మాత్రం వద్దు. మధ్యలో ఉంటే కుర్రాడికి పాస్ ఇచ్చేవాడవుతాడు, కాల్ మాత్రం కుర్రాడిదే. భుజం బాగై తిరిగొచ్చిన స్టాండాఫ్ ఆరో నంబర్‌లో ఉంటాడు. అతను నెమ్మదస్తుడు, గొంతుకు పోటీ రాడు.

ఆ మాట సీనియర్‌కు చెప్పింది కార్ పార్కులో. ఆయన కిట్ బ్యాగ్ డిక్కీలో పెడుతూ విన్నాడు.

"మధ్యలో ఆడితే నా ట్యాకిల్స్ రెట్టింపవుతాయి. ముప్ఫై మూడేళ్ల ఒళ్లు ఇది. రెండు మ్యాచ్‌లకు నడుం పట్టేస్తే వచ్చే ఏడాది నాకెవరిస్తారు కాంట్రాక్ట్?"

న్యాయమైన ప్రశ్న. జవాబు నా చేతిలో లేదు, బోర్డు చేతిలో ఉంది. రెండు పనులు చేయమని బోర్డును అడిగాను. మిగిలిన మ్యాచ్ ఫీజుల్లో పెద్ద భాగాన్ని ఆడినా ఆడకపోయినా వచ్చే జీతంగా మార్చాలి. మరో ఏడాది కాంట్రాక్ట్ ఇవ్వాలి, అందులో రిజర్వ్ టీమ్ కిక్కింగ్ కోచ్ పని కలపాలి. ఆడని మ్యాచ్‌కు డబ్బెందుకని ఛైర్మన్ అడ్డుపడ్డారు. కుర్రాడు తయారు కాకపోతే వచ్చే నవంబరులో ఇంకో హాఫ్‌ను కొనాలి, దానికెంతవుతుందో పక్కన రాసి చూపించాను. వారం పట్టింది, ఒప్పుకున్నారు. సీనియర్ ఆటను 80 నిమిషాల నుంచి సుమారు 50కి, రెండు విడతలుగా తగ్గించాం. మంగళవారం కాంటాక్ట్ ప్రాక్టీసు తీసేశాం. ఆ మరుసటి వారమే, ఎవరూ చెప్పకుండానే ఆయన కుర్రాణ్ణి పిలిచి కిక్ కొట్టేటప్పుడు ఎడమ కాలు ఎక్కడ ఆనించాలో చూపించడం కనిపించింది. ఏప్రిల్‌లో కాగితం మీద రాసిస్తే జరగని పని అది.

ఇంకా కాల్స్ ఎలా అప్పగించాలన్న ప్రశ్న మిగిలింది. అన్నీ ఒక్కసారే ఇస్తే కుర్రాడు నలిగిపోతాడు. కోచ్ ఆలోచన సహజమైనది: ముందు మన సగంలో మామూలు ప్లేలు వాడికిద్దాం, ఎదుటివాళ్ల లైన్ దగ్గర, పాయింట్లు వచ్చే చోట, సీనియర్ చూసుకుంటాడు. నేను దీన్ని తలకిందులు చేయమన్నాను. తప్పు జరిగితే ఎక్కడ ఎంత ఖర్చు అని చూద్దాం. మన లైన్ దగ్గర తప్పు కాల్, చెడ్డ కిక్ అంటే ఎదుటివాళ్లకు మన గుమ్మంలోనే బంతి, తర్వాతి నిమిషంలో ట్రై. ఎదుటివాళ్ల లైన్ నుంచి 20 మీటర్ల లోపల తప్పు జరిగితే పోయేది ఆ ఒక్క బంతి, అదీ మన లైన్‌కు చాలా దూరంలో. చూసేవాళ్లకు పెద్దగా కనిపించే తప్పు నిజానికి చవకైన తప్పు. కాబట్టి దాడి కాల్స్ కుర్రాడికి, మన సగం నుంచి బయటపడే కిక్‌లు సీనియర్‌కు. ఐదు వారాల తర్వాత అవి కూడా మార్చాలి.

మూడు మ్యాచ్‌ల దాకా ఏం జరిగినా వెనక్కి తిప్పకూడదని ముందే రాసుకుని కోచ్, నేను ఇద్దరం సంతకం పెట్టాం. అది మంచిదైంది. మొదటి మ్యాచ్‌లో కుర్రాడు ఎదుటి లైన్ దగ్గర రెండుసార్లు కిక్‌ను నేరుగా బయటికి పంపాడు, ఓడిపోయాం. హాఫ్ టైమ్‌లోనే కోచ్ సీనియర్‌ను మళ్లీ ఏడుకు తేవాలన్నాడు. జేబులోంచి ఆ కాగితం తీసి చూపించాను. ఆయనకు కోపం వచ్చింది, కానీ మాట నిలుపుకున్నాడు. ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన పని చేసింది ఆయనే అంటాను, ఓడితే ఉద్యోగం పోయేది ఆయనది కాబట్టి.

మూడో మ్యాచ్ 54వ నిమిషం. ఎదుటి లైన్‌కు పది మీటర్లలో నాలుగో ట్యాకిల్. కుర్రాడు మౌత్ గార్డ్ నోట్లోంచి తీసి చేత్తో పట్టుకుని, చూపుడు వేలు ఇరుకువైపు చూపిస్తూ అరిచాడు. మెడ తిప్పలేదు. సీనియర్ ఎటువైపున్నాడో చూడనైనా లేదు. ఆ ప్లేలో ట్రై రాలేదు, ఎదుటివాళ్లు ఆపేశారు. నేను మాత్రం ఆ నిమిషం అంకె నోట్‌బుక్‌లో రాసి చుట్టూ గీత గీశాను.

ఒక సంతకం

కొత్తవాళ్లను తీసుకునే గడువు ముగిసేలోపు ఒక్క ఆటగాడిని తేవడానికి డబ్బు మిగిలింది. కోచ్, బోర్డు చూస్తున్నది పేరున్న ప్రాప్‌ని. నేనడిగింది సెకండ్ రో, కుర్ర హాఫ్‌కూ కుర్ర సెంటర్‌కూ మధ్య నిలబడే మనిషి. మా డివిజన్‌లోనే మరో క్లబ్‌లో ఆడుతున్న 31 ఏళ్ల ఆటగాడు దొరికాడు. అభిమానుల్లో చాలామంది అతని పేరు విని ఉండరు.

అతని వీడియోలు చూసేటప్పుడు ట్యాకిల్స్ లెక్కపెట్టలేదు. బంతి ఆటలోకి రాకముందు రెండు సెకన్లు చూశాను. చెయ్యి ఎత్తి చూపిస్తున్నాడా? తల బయటివైపు తిప్పి సెంటర్ ఎక్కడున్నాడో చూసుకుంటున్నాడా? ట్రై పడ్డాక ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు? తర్వాత అతని బయట సెంటర్‌గా ఆడిన ఇద్దరు కుర్రాళ్లతో మాట్లాడాను. కొత్త ఆటగాణ్ణి తీసుకునేటప్పుడు పాత కోచ్‌ను అడగడం రివాజు. నేను అప్పటినుంచి పక్కన నిలబడ్డ కుర్రవాళ్లను అడుగుతున్నాను. వాళ్లలో ఒకడు చెప్పింది గుర్తుంది: తప్పు చేస్తే మ్యాచ్‌లో ఒక్క మాట అనడు, బస్సులో వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు.

అతను వచ్చాక ఎడమ అంచున మొదటి వారంలోనే శబ్దం పెరిగింది. "ఉండు, ఉండు, ఇప్పుడు" అని మూడే మాటలు, 80 నిమిషాలూ. సెంటర్ ఊహించుకోవడం మానేశాడు. విన్నప్పుడు కదిలాడు.

కుర్ర ప్రాప్ సంగతి వేరు. మధ్యలో ఆడే ఫార్వర్డ్‌ల ఒళ్లు ఆలస్యంగా పక్వానికి వస్తుంది. ఇరవై ఏళ్లకు బెంచీ మీదనుంచి పది నిమిషాలు ఆడటం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. ఆరు వారాలు మరో కింది డివిజన్ క్లబ్‌కు లోన్ మీద పంపాం. అక్కడ వారం వారం 50 నిమిషాలు ఆడి వచ్చాడు.

సీజన్ చివరికి

ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఆ నిజం ముందు చెప్పాలి. చివరి రెండు నెలల్లో ఎడమ అంచు మీదుగా పడే ట్రైలు బాగా తగ్గాయి, చివరి 20 నిమిషాల్లో కుప్పకూలడం ఆగింది. అయితే ఆ రెండు నెలల్లో మాకు కాస్త తేలికైన జట్లు ఎదురయ్యాయి కాబట్టి మొత్తం ఘనత మార్పులకే ఇవ్వను. మరుసటి ఏడాది అదే కుర్ర హాఫ్ ఏడో నంబర్‌తో సీజన్ మొదలుపెట్టాడు, ఆ ఏడాది ప్లేఆఫ్స్ ఆడాం. సీనియర్ ఆ సీజన్‌లో సగం మ్యాచ్‌లే ఆడి రిటైరయ్యాడు, రిజర్వ్ టీమ్ కోచింగ్‌లోకి వచ్చాడు.

తర్వాత పట్టికలో పెట్టుకున్నవి

ఇప్పుడు ఏ క్లబ్‌కు వెళ్లినా ముందు కాంట్రాక్టుల ముగింపు తేదీలు ఒక కాగితం మీద వేయిస్తాను. దీనికి అందరికీ తెలిసిన పాఠం లీడ్స్ రైనోస్‌ది. కెవిన్ సిన్‌ఫీల్డ్, రాబ్ బరో, డానీ మెగ్వైర్, జేమీ జోన్స్-బ్యూకానన్ లాంటి సొంత పిల్లల మధ్య బ్రాడ్‌ఫర్డ్ నుంచి జేమీ పీకాక్‌ను, ఆస్ట్రేలియాలోని మ్యాన్లీ నుంచి కైలీ లెలువాయ్‌ను తెచ్చి నిలబెట్టిన జట్టు అది. ఇద్దరూ ముందు వరస మోటు పని మోసేవాళ్లు, సొంత పిల్లల స్థానాలు లాక్కునేవాళ్లు కాదు. 2015లో ఆ జట్టు మూడు ట్రోఫీలూ గెలిచింది. ఆ సీజన్‌తోనే సిన్‌ఫీల్డ్, పీకాక్, లెలువాయ్ ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు. 2016లో లీడ్స్ తొమ్మిదో స్థానానికి పడిపోయి, డివిజన్ నిలుపుకోవడానికి క్వాలిఫయర్స్ ఆడాల్సి వచ్చింది. 2015 డిసెంబరు వరదల్లో కర్క్‌స్టాల్ ప్రాక్టీసు మైదానం మునగడం, గాయాలు కూడా అందుకు కారణాలే. అయినా ముగ్గురు పెద్దవాళ్లు ఒకే తలుపులోంచి ఒకే రోజు వెళ్తే పక్కన నిలబడ్డ పిల్లలకు ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. మరుసటి ఏడాదే, 2017లో, లీడ్స్ మళ్లీ ఛాంపియన్ అయింది.

ఆస్ట్రేలియాలో 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు టైటిళ్లు గెలిచిన పెన్రిత్ పాంథర్స్‌ను చూసినా నాకు అదే కనిపిస్తుంది. నేథన్ క్లియరీ, జెరోమ్ లువాయ్ ఇద్దరూ ఇంటి పిల్లలు. వాళ్లకు బంతి అందించే హుకర్‌గా మ్యాన్లీ నుంచి ఆపి కోరొయిసావును 2020లో తెచ్చుకున్నారు. కొన్న అనుభవం ఇంటి పిల్లల పక్క చుక్కలో ఉంది, వాళ్ల చుక్కలో లేదు. మొదటి రెండు టైటిళ్ల తర్వాత అతను వెళ్లిపోయాడు, వాళ్లు ఇంకో రెండు గెలిచారు.

కుర్రాణ్ణి పెద్ద మ్యాచ్‌కు దింపొచ్చా అని అడిగితే సెయింట్ హెలెన్స్ గురించి చెబుతాను. సూపర్ లీగ్ టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్‌లో, 2020లో, విగన్ మీద 4-4 దగ్గర సమయం ముగిసిందని హూటర్ మోగాక, టామీ మేకిన్సన్ ఒక్క పాయింటు కోసం కొట్టిన డ్రాప్ గోల్ కిక్ పోస్టుకు తగిలింది. దాని వెంట పరిగెత్తి ట్రై వేసి మ్యాచ్ గెలిపించింది 19 ఏళ్ల జాక్ వెల్స్‌బీ. ఆ రాత్రి జట్టులో జేమ్స్ రోబీ, జానీ లోమాక్స్, తన చివరి మ్యాచ్ ఆడుతున్న జేమ్స్ గ్రాహమ్ ఉన్నారు. చుట్టూ అలాంటివాళ్లు ఉంటే పందొమ్మిదేళ్లవాడు బంతి వెంట పరిగెత్తడం ఒక్కటే ఆలోచించగలడు.

మా నలుగురిలో వింగర్ గురించి ఇంకా చెప్పలేదు. అతని విషయంలో మేం ఓడిపోయాం. తొమ్మిది వారాలు అతణ్ణి, ఆడేవాళ్లూ బెంచీ మీదివాళ్లూ పోగా మిగిలే 18వ మనిషిగా పెట్టుకున్నాం. జట్టుతో ప్రయాణం చెయ్యాలి, ఎవరైనా వార్మప్‌లో గాయపడితే ఆడాలి. ఎవరూ గాయపడలేదు. ఫస్ట్ టీమ్‌లో ఆడలేదు, 18వ మనిషిగా ఉన్నాడు కాబట్టి రిజర్వ్ మ్యాచ్‌లకూ పంపలేదు. నా బొమ్మలో అతని చుక్క పక్కన ఎవరున్నారో రాశాను కానీ, అతను అసలు ఆ వరసలో నిలబడటం లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఆగస్టులో ఒక మంగళవారం రాలేదు, గురువారం కూడా రాలేదు. గిడ్డంగిలో నైట్ షిఫ్ట్ దొరికిందని మెసేజ్ పెట్టాడు.

ఇప్పుడు తన పాత అమెచ్యూర్ క్లబ్‌కు శనివారాలు ఆడుతున్నాడు. రెండు వారాల క్రితం వెళ్లి తీగ పక్కన నిలబడి చూశాను. వేగం తగ్గలేదు. లోపలి సెంటర్‌కు కాల్స్ ఇస్తున్నాడు, గట్టిగా. మ్యాచ్ అయ్యాక పలకరిస్తే నవ్వాడు, షిఫ్ట్ మారితే చూస్తానన్నాడు. నవంబరు ప్రీ-సీజన్ జాబితాలో అతని పేరు రాసి, పక్కన "18వ మనిషిగా వద్దు" అని రాసి పంపాను.